పామేరియన్ కాని పామేరియన్

ముత్యంపేట, మెట్‌పల్లి, కోరుట్ల వైపు ఏ గల్లీలోనైనా అడగండి. తెల్లటి బొచ్చు, నక్క మూతి, నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక ఉన్న చిన్న కుక్కను చూపిస్తే అందరూ ‘పామేరియన్’ అనే అంటారు. నిజానికి ఆ పేరు దానిది కాదు. అసలు పామేరియన్ రెండు మూడు కిలోలకు మించని బొమ్మలాంటి జానవర్. మన ఇళ్ల ముందు మొరిగింది ఇండియన్ స్పిట్జ్. అందులో చిన్న రకమే ఐదు నుంచి ఏడు కిలోలు తూగుతుంది, పెద్ద రకం ఇంకా బరువు. ఈ రెండూ ఒకే ఖాందాన్ నుంచి విడిపోయిన బిరాదర్లు. ఎలా విడిపోయాయన్నది ఒక చిన్న తారీఖ్.

బాల్టిక్ సముద్రం ఒడ్డున పామెరేనియా అనే ఇలాఖా ఉంది. ఇప్పుడు అది జర్మనీ, పోలండ్‌ల మధ్య పంచుకుపోయింది. అక్కడి స్పిట్జ్ కుక్కలను ఇంగ్లండ్ రాణి షార్లెట్ 1767లో తన మహల్‌కు తెప్పించుకుంది. అప్పటికి అవి బాగా పెద్దవే. వాటిని చిన్నగా చేసిన షౌక్ ఆమె మనవరాలు విక్టోరియా రాణిది. 1888లో ఇటలీలోని ఫ్లారెన్స్ వెళ్లి, ‘మార్కో’ అనే చిన్న పామేరియన్‌ను వెంట తెచ్చుకుంది. మనకు దిల్‌చస్ప్ సంగతి ఒకటుంది. దానికి ముందు ఏడాదే, 1887లో, హిందుస్తాన్ నుంచి మున్షీ అబ్దుల్ కరీం ఆమె దర్బారు చేరి ఉర్దూ నేర్పడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో ఉర్దూ హరఫులు దిద్దుకుంటూ, ఇంకో చేత్తో ఆ కుక్కను నిమిరిన రాణి అన్నమాట. మలికా షౌక్ చూసి జనం కూడా చిన్న కుక్కల వెంట పడ్డారు. తరం తరం గడిచేకొద్దీ పామేరియన్ ఇంకా చిన్నదైపోయింది.

హిందుస్తాన్‌కు అంగ్రేజీ దొరలతో, మేమ్ సాబులతో వచ్చిన స్పిట్జ్‌ల కిస్మత్ వేరు. బంగళాల్లో, ఛావణీల్లో పుట్టి పెరిగిన వాటిలో ఈ ఎండలను తట్టుకున్నవే మిగిలాయి, పిల్లలను పెట్టాయి. దొరలు వెళ్లిపోయినా అవి ఇక్కడే ఉండిపోయాయి. 1980లలో విదేశీ కుక్కల దిగుమతి మీద ఆంక్షలుండటంతో మధ్యతరగతి ఇంటికి అందుబాటులో ఉన్నది ఇదే. పెరుగన్నం పెట్టినా బతుకుతుంది, చిన్న ఇంట్లో సర్దుకుంటుంది, కొత్త మనిషి గేటు తాకితే ఊరంతా వినేలా మొరుగుతుంది. 1994లో ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ వచ్చింది. తెలుగులో ‘ప్రేమాలయం’గా చూశాం. అందులో టఫీ ఈ జాతిదే. తొమ్మిదేళ్లకు, 2003లో, హచ్ ఫోను ఇష్తెహార్‌లో పగ్ కనబడేసరికి జమానా మారిపోయింది. స్పిట్జ్ పాత ఫ్యాషనైంది. ఇప్పుడు పామ్ అని అమ్మేవాటిలో చాలా వరకు కలగలుపువే. ఖాలిస్ స్పిట్జ్ దొరకడం కష్టం.

ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు రైతుల వార్తల కోసం ఆ దిక్కు తిరుగుతున్న రోజుల్లో ఓ ఇంట్లో పంచాయితీ విన్నాను. ఊరు విడిచిపోతున్న పొరుగాయన తన ముసలి తెల్లకుక్కను ఆ ముస్లిం కుటుంబానికి అప్పగిస్తానన్నాడు. ‘ఘర్‌లో కుత్తా ఉంటే ఫరిష్తేలు రారు’ అంది దాదీ. ‘అయితే దీన్ని సడక్ మీద వదిలేద్దామా?’ అన్నాడు మనవడు. ఇద్దరి మాటలోనూ దీన్ ఉంది.

నేను ఆలింను కాను. కితాబుల్లో ఉన్నదే చెప్తాను. దాదీ చెప్పిన హదీస్ సహీహే. వేట, మంద, చేను కాపలా లాంటి జరూరత్ లేకుండా కుక్కను పెంచితే సవాబ్ తగ్గుతుందనీ హదీస్‌లో ఉంది. మన హనఫీల దగ్గర కుక్క లాలాజలం నాపాక్, దాని ఒళ్లు మాత్రం కాదు. షాఫయీల దగ్గర మొత్తం నాపాక్. మాలికీల దగ్గర అసలు నాపాకే కాదు. ఈ బహస్ అంతా గిన్నె, బట్ట, జానిమాజ్ ఎలా కడుక్కోవాలన్న దాని గురించి. కుక్కను రాయితో కొట్టమని ఇందులో ఎవరూ చెప్పలేదు. దప్పికతో ఉన్న కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిందన్నదీ హదీసే. సూరా కహఫ్‌లో గుహ యువకులతో పాటు గడప దగ్గర కాళ్లు చాచి పడుకున్న కుక్క జిక్ర్ ఖయామత్ దాకా తిలావత్‌లో నిలిచే ఉంటుంది.

మన పాత అదబ్‌లోనూ కుక్కకు జాగా ఉంది. తొమ్మిదో శతాబ్దపు బస్రా రచయిత జాహిజ్ ‘కితాబుల్ హయవాన్’లో కుక్క గొప్పదా కోడిపుంజు గొప్పదా అని పేజీలకు పేజీలు వాదన నడిపాడు. 921లో ఇంతెఖాల్ అయిన బగ్దాద్ వాసి ఇబ్నుల్ మర్జుబాన్ అయితే, బట్టలు తొడుక్కున్న చాలామంది కంటే కుక్కలే మేలంటూ ఏకంగా ఓ కితాబే రాశాడు.

ఇంట్లోకి తెచ్చుకోవాలా వద్దా అన్నది మీ బుజుర్గులను, మీ ఆలిం సాబ్‌ను అడిగి తేల్చుకోండి. తెచ్చుకున్నారంటే మాత్రం అది అమానత్. స్పిట్జ్ పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. పిల్లవాడి షౌక్ అన్నేళ్లు ఉంటుందా అని ముందే చూసుకోండి. దాని బొచ్చు రెండు పొరలు. ఎండాకాలమని గుండు కొట్టించకండి, ఆ బొచ్చే ఎండ నుంచి కాపాడుతుంది. దువ్వడం చాలు. మన జగిత్యాల ఎండల్లో ఫజర్ తర్వాత, మగ్రిబ్ తర్వాతే తిప్పండి, నీడా నీళ్లూ ఎప్పుడూ ఉంచండి. ఉల్లిగడ్డ, కిస్మిస్, చాక్లెట్ దానికి జహర్. దావత్‌లో మిగిలిన బిర్యానీ, ఉడికిన బొక్కలు ప్యార్‌తో పెట్టినా నష్టమే. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు ఏటేటా మళ్లీ వేయించాలి. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది, సలహాకు దూరం పోనక్కర్లేదు. కుక్క కరిచినా గీరినా పావుగంట సేపు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే దవాఖానాకు పోవాలి.

చివరికి ఆ ఇంట్లో మధ్యే రాస్తా దొరికింది. కుక్క వాకిట్లో ఉంటుంది, దాని గిన్నె వేరు, నమాజ్ గదివైపు రానియ్యరు. గేటు దగ్గర గోనెసంచి పరిచింది దాదీయే.