పదకొండు నెలల కిరాయానామా

మా దాదీ ట్రంకు పెట్టె అడుగున ఒక రుమాలు మూట ఉండేది. అందులో జేవర్ ఏమీ లేదు, అన్నీ మనియార్డర్ రసీదులే. పాత షహర్‌లో మా వాళ్లు కిరాయికున్న ఇంటి మాలిక్ ఉన్నట్టుండి కిరాయి తీసుకోవడం మానేశాడట. దాదా మొదటి తారీఖున వెళ్లి సలాం చెప్పి డబ్బు చేతికిస్తే, "జల్దీ ఏముంది మియా, తర్వాత చూద్దాం" అనేవాడట. షరాఫత్ అనుకున్నారు దాదా. మొహల్లాలోని వకీల్ సాబ్ విని తల పట్టుకున్నారు. రేపు ఆయనే రెంట్ కంట్రోలర్ దగ్గరికెళ్లి "నాలుగు నెలలుగా కిరాయి లేదు" అంటే మీ దగ్గర సబూత్ ఏది అని అడిగారు.

అప్పటి కానూన్ 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం. దాని వెనక కథ యుద్ధకాలంది. ఇళ్ల కొరత వచ్చి కిరాయిలు పెరిగితే మద్రాసు ప్రభుత్వం 1941లో అద్దె నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది, తర్వాత 1946లో, 1949లో చట్టాలు చేసింది. కోస్తా, సీమల్లో అవే నడిచాయి. హైదరాబాద్ రాష్ట్రం 1954లో తన చట్టం తాను చేసుకుంది. 1960లో ఆ రెంటినీ తీసేసి ఒకటే పెట్టారు.

ఆ చట్టంలో కిరాయాదారుకు గట్టి హిఫాజత్ ఉంది. ముద్దత్ అయిపోయిందని చెప్పి గెంటడానికి వీల్లేదు. కావాలని కిరాయి ఎగ్గొట్టాడనో, వేరేవాళ్లకు కిరాయికిచ్చాడనో, ఇల్లు తమకే జరూర్ అనో కంట్రోలర్ ముందు రుజువు చేయాలి. అడ్వాన్సు ఒక నెల కిరాయికి మించకూడదు. (ఈ మాట ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతున్నారు.) రసీదు అడగడం కిరాయాదారు హక్కు. మాలిక్ డబ్బు వద్దంటే ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి, చెప్పకపోతే కమీషన్ మినహాయించుకుని మనియార్డర్ పంపాలి, దాన్నీ తిప్పి పంపితే కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. దాదీ మూట ఈ సెక్షన్‌దే.

మాలిక్‌ల గోడూ ఝూటా కాదు. ఫెయిర్ రెంట్ లెక్కకు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల రేట్లు చూడమంది చట్టం. బేవాలు కూడా ఆ కిరాయిల మీదే బతికారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లను ప్రోత్సహించాలని 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవాటిని చట్టం నుంచి తప్పించారు. తాత్కాలికమన్న ఆ మినహాయింపు పాతికేళ్లు నడిచింది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు, ఒకే గల్లీలో పక్కపక్క ఇళ్లకు రెండు ఇన్సాఫ్‌లు చెల్లవని దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం వేరే దారిలో వచ్చింది. 2005 సవరణ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయిలను చట్టం బయట పెట్టింది. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కు గది కూడా కష్టమే. అంటే మనలో చాలామందికి ఆ హిఫాజత్ లేదు. మనకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ కిరాయి అయితే పదిహేను రోజుల నోటీసు, అంతే.

ఇక పదకొండు నెలల సంగతి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజులను తప్పనిసరిగా రిజిస్టర్ చేయమంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలలు రాసుకోవడం నేర్చుకుంది. కానీ మన దగ్గర 1999 సవరణతో "ఏడాది దాటిన" అన్న షరతు పోయింది, రాతలో ఉన్న లీజు ఏదైనా రిజిస్టర్ కావాల్సిందే. తెలంగాణకూ అదే వారసత్వం. స్టాంపు కాగితం మీద ఇద్దరు గవాహ్‌ల దస్తఖత్‌తో మనం దాచుకునే కిరాయానామాను అదాలత్ ఆ లీజు షరతులకు సబూత్‌గా తీసుకోదు. మీరు ఆ ఇంట్లో ఎవరి హోదాలో ఉన్నారన్న చిన్న విషయానికి మాత్రం చూడొచ్చు. టైపు సెంటర్లలో ఇప్పటికీ అదే నమూనా, పేర్లు మార్చి ఇస్తున్నారు!

దాదా మీద దావా పడలేదు. నాలుగో మనియార్డర్ తిరిగొచ్చాక జమ చేయడానికి బయల్దేరుతుంటే మాలికే ఎదురొచ్చి డబ్బు తీసుకున్నాడట, ఈసారి రసీదు రాసిచ్చాడట. అబ్బా ఇప్పుడు ఫోన్‌లో కిరాయి పంపుతూ, కింద నెల పేరు తప్పకుండా టైపు చేస్తారు.