బస్తా మీద ‘పాత బియ్యం’ అని రాస్తే సరిపోతుందా?

ఇవాళ కాస్త పెద్ద పోస్టు. పొలం పని అయ్యాక తీరిగ్గా చదవండి.

విజయవాడలో ఏ బియ్యం కొట్టుకెళ్లినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: “కొత్తవా, పాతవా?” కొట్టతను “పాతవేనండీ, ఏడాది దాటినయ్” అంటాడు. ఆ మాట మీద కొన్నవాళ్లు కిలోకు కొన్ని రూపాయలు ఎక్కువ పెడతారు. ఆ బియ్యం పండించింది మనమే. ఆ ఎక్కువ రూపాయలు మాత్రం మనవి కావు. ఇంతకీ అవి పాతవో కాదో తేల్చింది ఎవరు? ఎవరూ కాదు. బస్తా మీద అచ్చేసిన రెండు మాటలు, అంతే.

ముందు మన డెల్టాలో పాత గింజకు విలువ ఎలా వచ్చిందో చూద్దాం.

1832-33లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చింది. అప్పటికి కృష్ణ మీద ఆనకట్ట లేదు. వాన పడితే పంట, లేకపోతే పస్తు. అలాంటి రోజుల్లో గాదెలో పాత ధాన్యం ఉన్న ఇల్లే ధీమాగా ఉండేది. రుచి సంగతి తర్వాత, ముందు ప్రాణం నిలవాలి కదా. ఆ తర్వాత కాటన్ దొర పూనికతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో బెజవాడ దగ్గర పని మొదలై 1855కి ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద నీళ్లు ఖాయమయ్యాక ధాన్యం తిండికి పోను మిగలడం మొదలైంది. 1952లో పాత ఆనకట్టకు గండి పడితే, 1957కి ప్రకాశం బ్యారేజీ లేచింది.

మన తాతల కాలంలో వరి కోసి, పనలు ఆరాక కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్లు. నెలో, రెండు నెలలో కుప్పలో ఉన్నాక నూర్చేవాళ్లు. ఆ తర్వాత గాదెలోనో, ఎండుగడ్డి తాడు చుట్టి కట్టిన పురిలోనో పోసేవాళ్లు. కావలసినప్పుడు కావలసినంత తీసి దంపించుకునేవాళ్లు, మర రోజులొచ్చాక మర పట్టించుకునేవాళ్లు. అంటే గింజ ముదరడానికి విడిగా చేసే పనేమీ ఉండేది కాదు. పద్ధతిలోనే అది కలిసిపోయి ఉండేది. సంక్రాంతికి కొత్త బియ్యం పొంగలి పండగ కోసం. మిగతా రోజులకి, పెళ్లి పంక్తికి, జ్వరమొచ్చి లేచిన వాళ్ల పథ్యానికి పాత బియ్యమే. ఆయుర్వేదం కూడా ఏడాది దాటిన ధాన్యం తేలిగ్గా అరుగుతుందని, కొత్తది బరువని చెబుతుంది.

ఇప్పుడు? హార్వెస్టర్ దిగిన పూటే ధాన్యం రోడ్డు మీదకొస్తుంది. తేమ 17 శాతానికి దిగితే చాలు, లారీ ఎక్కించేస్తాం. ముదిరే పని మన చేతుల్లోంచి పూర్తిగా జారిపోయింది. దాంతోపాటు ఆ పనికి వచ్చే డబ్బూ పోయింది.

పాతబడితే గింజలో నిజంగా ఏం జరుగుతుంది? ఇది మన ఆడవాళ్లకు గంజి చూస్తేనే తెలుసు. కొత్త బియ్యం గంజి చిక్కగా ఉంటుంది, అన్నం ముద్దవుతుంది. పాత బియ్యం ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఎక్కువ ఒదుగుతుంది, మెతుకు మెతుక్కీ అంటుకోదు. నిల్వలో గింజలోని మాంసకృత్తులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడతాయి. దాంతో పిండి పదార్థం నీళ్లలోకి తేలిగ్గా కరిగిపోదు. కొవ్వు కొద్దిగా మారి వాసన కూడా మారుతుంది, రంగు కాస్త పసుపు తిరుగుతుంది. ఈ మార్పు మొదటి మూడు, నాలుగు నెలల్లో బాగా కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా జరుగుతుంది. మన ఎండాకాలం ఆ పని ఊరికే చేసిపెడుతుంది.

1957, 1959ల్లో మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దేశికాచార్, సుబ్రహ్మణ్యన్ గార్లు ఈ కొత్త బియ్యం, పాత బియ్యం తేడా మీదే పరిశోధన పత్రాలు రాశారు. కొత్త వడ్లకు ఆవిరి పట్టిస్తే అన్నం పాత బియ్యం అన్నంలా వస్తుందని కూడా ఆ రోజుల్లోనే చూశారు. ఇవాళ మనం వినే ‘స్టీమ్ బియ్యం’ మూలం అలాంటి ఆలోచనలోనే ఉంది. ఆవిరి పట్టడం తప్పేమీ కాదు. స్టీమ్ అని చెప్పి అమ్మితే బేరం బేరమే. చెప్పకుండా ‘పాతవి’ అంటేనే పేచీ.

పేరు విషయం కూడా అంతే. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, ఒక పెద్ద వంశం బిడ్డ. దాని పూర్వీకుల్లో జీఈబీ 24 ఉంది. 1921లో కోయంబత్తూరు నుంచి విడుదలైన ఆ రకం కోనమణి అనే పాత వరిలోంచి పుట్టింది. ఇంత చరిత్ర ఉన్న గింజ కొట్లోకి వెళ్లేసరికి చాలాసార్లు తన పేరే పోగొట్టుకుని ‘సోనా మసూరి’ అయిపోతుంది. రకం పేరు నమ్మలేం, వయసు నమ్మలేం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు బస్తా బొమ్మే మిగులుతుంది.

మరి బస్తాని పక్కన పెట్టి గింజనే తీర్పు అడిగే దారి ఉందా? ఉంది. ఆ దారి ప్రపంచానికి గట్టిగా చూపించింది ద్రాక్ష రైతుల లోకం. వైన్ అనగానే నవ్వకండి. మన వైన్ షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది వైన్ కాదని నాకూ తెలుసు. ఇక్కడ చెప్పేది ద్రాక్షరసం పులియబెట్టి, సీసాల్లో ఏళ్ల తరబడి ముదరబెట్టే అసలు వైన్ గురించి. మంచి ఎర్ర వైన్ పాతబడే కొద్దీ వగరు తగ్గి రుచి పెరుగుతుందంటారు, మన పాత బియ్యంలాగే.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఒక పోటీ పెట్టాడు. ఫ్రాన్స్ వైన్లూ, అమెరికాలోని కాలిఫోర్నియా వైన్లూ పక్కపక్కన. ఏది ఏదో ఎవరికీ తెలియకుండా దాచి పోశారు. తీర్పరులు తొమ్మిది మంది ఫ్రెంచివాళ్లు, ఆ రంగంలో ఉద్దండులు. ఫ్రాన్స్ గెలవదని అక్కడ ఎవరూ అనుకోలేదు. అక్కడున్న విలేకరి కూడా టైమ్ పత్రిక తరఫున వచ్చిన జార్జ్ టేబర్ ఒక్కడే. లెక్క తేలేసరికి తెల్ల వైన్‌లో షాతో మాంటెలీనా 1973, ఎర్ర వైన్‌లో స్టాగ్స్ లీప్ 1973 మొదటి స్థానంలో ఉన్నాయి. రెండూ కాలిఫోర్నియావే. ఆ వైన్‌కు ద్రాక్ష కోసేనాటికి స్టాగ్స్ లీప్ తీగలు నాటి మూడేళ్లే. వందల ఏళ్ల పేరున్న తోటల్ని పేరు లేని తోటలు ఓడించాయి. ఆ రెండు సీసాలు ఇవాళ అమెరికా జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

ఓడినవాళ్లు ఏమన్నారో మనకు ముఖ్యం. “ఇప్పుడు బాగానే ఉంటాయి, పాతబడితే తేలిపోతాయి. మావి ముదిరాక చూడండి” అనే వాదం లేచింది. అందుకని సరిగ్గా 30 ఏళ్లకు, 2006 మే 24న, అవే పాత ఎర్ర వైన్లను లండన్‌లోనూ కాలిఫోర్నియాలోని నాపాలోనూ ఒకే రోజు మళ్లీ దాచి రుచి చూపించారు. మొదటి స్థానం రిడ్జ్ మాంటె బెల్లో 1971ది. మొదటి ఐదూ కాలిఫోర్నియావే. ‘ముదిరితే మాదే గెలుపు’ అన్న మాటను నాలుక ఒప్పుకోలేదు.

అయితే ఒకసారి రుచి చూసి గంతులేయకూడదు. 1976లో ఎర్ర వైన్లలో మొదటి దానికి, రెండో దానికి మధ్య సగటు తేడా ఒక మార్కు కూడా లేదు. ఆ తర్వాత రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన కాలిఫోర్నియా ప్రభుత్వ పోటీలో ఒకే సీసాలోని వైన్‌ను తీర్పరులకు చెప్పకుండా మూడేసి సార్లు ఇప్పించాడు. ఆయన స్వయంగా చిన్న వైన్ తయారీదారు. 2008లో అచ్చయిన ఆయన లెక్క ప్రకారం పదిమందిలో ఒక్కరే మూడుసార్లూ దాదాపు ఒకే మార్కు వేశారు. నాలుక కూడా తడబడుతుందన్నమాట.

బియ్యానికీ ఈ పద్ధతి కొత్తది కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో వండిన అన్నాన్ని కొందరి ముందు పెట్టి రూపం, అంటుకునే గుణం, మెత్తదనం, రుచి, వాసనలకు మార్కులు వేయిస్తారు. జపాన్‌లో ధాన్య తనిఖీ సంఘం 1971 నుంచీ ఏటా అన్నం రుచికి ర్యాంకులు ఇస్తోంది. శిక్షణ పొందిన 20 మంది ఒక ప్రామాణిక అన్నంతో పోల్చి తీర్పు చెబుతారు. తమాషా ఏంటంటే, అక్కడ జనానికి కొత్త బియ్యమే ఇష్టం, కొంచెం అంటుకోవాలి. పాత బియ్యం అంటే చవక సరుకు. మనకు ముద్దైన అన్నం నచ్చదు, వాళ్లకు విడివిడి మెతుకు నచ్చదు. కాబట్టి మన రుచికి తీర్పు మన నాలుకే చెప్పాలి.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటా ₹2,369. 75 కిలోల బస్తాకు దాదాపు ₹1,777. తేమ 17 నుంచి 13కు దిగేసరికి ఆ బస్తా 71.5 కిలోలవుతుంది. నూటికి రూపాయి వడ్డీ చొప్పున పది నెలలు ఆగితే అసలు, వడ్డీ కలిపి ₹1,954. అంటే ఆ ధాన్యం క్వింటా ₹2,730 పైన పలికితేనే ఆగినందుకు నష్టం లేదు. ఎలుకలు, ముక్క పురుగు, గోడౌన్ అద్దె దీనికి అదనం. కౌలు రైతు డిసెంబరులోనే అమ్ముకుంటున్నాడంటే తెలివి లేక కాదు, ఆగే స్తోమత లేక. ఆగగలిగినవాడికే పాతదనం డబ్బవుతుంది. అందుకే మొత్తం పంట ఆపమని ఎవరికీ చెప్పను. ఇంటికి సరిపడా, ఇంకో నాలుగైదు బస్తాలు ఆపి, ఆ పాతదనానికి నిజంగా విలువ ఉందో లేదో ముందు తేల్చుకుందాం.

ఎలాగంటే ఇలా చేయండి.

ఒకే చేలో, ఒకే రకం వడ్లు నిరుడువి, ఈ ఏడువి తీసుకోండి. బాగా ఆరబెట్టి, వడ్లుగానే దాచండి. పొట్టు గింజకు కవచం. రెండూ ఒకే మరలో, ఒకే పాలిష్‌తో పట్టించండి. వండేటప్పుడు కొలత నీళ్లు పోస్తే పాత బియ్యానికి అన్యాయం, దానికి దాహం ఎక్కువ. అందుకని రెండిటికీ నీళ్లు ధారాళంగా పోసి, మెతుకు నలిపితే లోపల పలుకు లేనప్పుడు గంజి వార్చండి. కూర, పప్పు వద్దు. ముందు ఒట్టి అన్నమే.

తొమ్మిది మందిని కూర్చోబెట్టండి. వండినవాళ్లు వడ్డించకూడదు, వడ్డించేవాళ్లకు ఏది ఏదో తెలియకూడదు. గిన్నెలకు 417, 286 లాంటి అంకెలు వేయండి. పాత అన్నం రంగు పట్టించేస్తుంది, కాబట్టి కళ్లకు కండువా కట్టాల్సిందే. ఒక్కొక్కరికి మూడు ముద్దలు ఇవ్వండి. రెండు ఒకే బియ్యం, ఒకటి వేరేది. వరస మారుస్తూ ఉండండి. వేరేది ఏదో చెప్పమనండి. ఊరికే గాల్లో రాయి వేసినా తొమ్మిదిలో ముగ్గురు సరిగ్గా చెప్పేస్తారు. ఆరుగురో, అంతకన్నా ఎక్కువో చెబితే తేడా ఉందని నమ్మవచ్చు. తేడా తేలాక అప్పుడు ఏది బాగుందో అడగండి. వారం తర్వాత ఇంకోసారి పెట్టండి. మూడో విడత స్టీమ్ బియ్యాన్ని మన పాత బియ్యం పక్కన పెట్టండి.

ఆ మూడో విడతలో మనం ఓడినా ఓడవచ్చు. ఆవిరి పట్టిన బియ్యానికీ, పది నెలలు కాపాడుకున్న మన బియ్యానికీ ఎవరూ తేడా చెప్పలేకపోతే, ఆగడంలో లాభం లేదని తేలినట్టే. అది తెలియడం కూడా మంచిదే, ఎలుకలకు పెట్టే ధాన్యం మిగులుతుంది. గెలిస్తే మాత్రం మన దగ్గర బస్తా బొమ్మ కన్నా గట్టి సాక్ష్యం ఉంటుంది. విజయవాడలో కొనేవాళ్లింటికే వెళ్లి, “మా చేను, మా రకం, ఫలానా నెలలో కోసింది. ముందు తిని చూడండి, తర్వాతే ధర మాట్లాడదాం” అని అడగవచ్చు.

ఈసారి కోతల్లో ఒక్క బస్తా మీద రకం, కోసిన తేదీ రాసి పక్కన పెట్టండి. వచ్చే దసరాకి మీ అరుగు మీద తొమ్మిది మందిని పోగు చేయండి. ఎంతమంది సరిగ్గా చెప్పారో, ఏ రకమో కింద రాయండి. ఊరూరి లెక్కలు ఒకచోట చేరితే, మన పాత బియ్యం ధర గురించి మనమే మాట్లాడవచ్చు.