రంగు కోసం నూలుకు, నీళ్లకు పంచాయితీ

కోరుట్ల నుంచి మాట్లాడుతున్న. మాది నేత ఊర్ల దిక్కు, సిరిసిల్ల కూడా ఎక్కువ దూరం కాదు. కొత్త నూలు చీర కొంటే ప్రతి ఇంట్ల ఒకటే మాట: "మొదటిసారి విడిగా ఉతుకు, రంగు దిగుతది." ఆ రంగు ఎందుకు దిగుతదో ఈరోజు చెప్పుకుందాం.

ముందు ఉప్పు సంగతి. ఉప్పు కల్లు పొయ్యి మీద కరగాలంటే 800 డిగ్రీలు దాటాలి. అదే గ్లాసెడు నీళ్లల్ల వేస్తే ఇట్టే మాయం. ఎందుకంటే సోడియం, క్లోరైడ్ అయాన్ల మధ్య ఆకర్షణ నీళ్లల్ల దాదాపు 80వ వంతుకు పడిపోతది. పైగా నీటి అణువులు ఒక్కో అయానును చుట్టుముట్టి విడదీస్తయి. కిరోసిన్‌లో వేసి చూడండి, కల్లు కల్లులాగనే ఉంటది. అంటే బంధం ఎంత గట్టిదో చెప్పాలంటే, అది ఏ ద్రవంలో ఉందో కూడా చెప్పాలె.

1890లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ మెన్షుత్కిన్ దీన్ని అంకెలతో చూపించిండు. ఒకే చర్యను 23 ద్రావణుల్లో నడిపిండు. హెక్సేన్‌లో కంటే బెంజైల్ ఆల్కహాల్‌లో అది 700 రెట్లకు పైగా వేగంగా జరిగింది. ద్రావణి ఉత్త గిన్నె కాదన్నమాట.

ఇక అద్దకానికి వద్దాం. 1880ల్లో జర్మనీలో కాంగో రెడ్ వచ్చింది. పటిక లాంటి మందు అవసరం లేకుండా నేరుగా నూలుకు పట్టే రంగు. కానీ ఆ పట్టు బలహీనం. నూలుతో ఉండే ఆ హైడ్రోజన్ బంధాల చోటే నీళ్లు కూడా అడుగుతయి. ఉతికినకొద్దీ నీళ్లదే పైచేయి.

మన పాత నీలిమందు తెలివి వేరే. బానలో ఆక్సిజన్ లేకుండా చేస్తే అది నీళ్లల్ల కరిగే పసుపుపచ్చ రూపంలోకి మారుతది. నూలు బయటికి తీసి గాలికి పెడితే మళ్లీ నీలమై, కరగకుండా పోగులోపల్నే ఇరుక్కుంటది. బంధం వేయలేదు, నీళ్లకు చిక్కకుండా దాచిండ్రు అంతే. నాకైతే ఇదే అన్నిటికంటే అందమైన ఉపాయం.

1954లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అసలు బంధమే వేసిండ్రు. 1956లో ప్రోసియాన్ పేరుతో ఆ రంగులు అమ్మకానికొచ్చినయి. సోడా వేసిన నీళ్లల్ల ఈ రంగు నూలులోని సెల్యులోజ్‌తో సమయోజనీయ బంధం కలుపుకుంటది. మామూలు ఉతుకుడుకు అది తెగదు. తిరకాసు ఎక్కడంటే, అద్దేటప్పుడు నీళ్లు కూడా అదే రంగుతో బంధం కలుపుకుంటయి. అట్ల చెడిన రంగు ఇక నూలుతో కలవదు, ఊరికే పోగుకు అంటుకొని ఉంటది. దాన్ని వేడి నీళ్లు, సబ్బుతో పూర్తిగా కడిగేయాలె. నీళ్లు, కట్టెలు మిగుల్చుకుందామని ఆ కడుగుడు తగ్గిస్తే మన బకెట్ల ఎర్రగ పారుతది. దుకాణంల తిట్లు మాత్రం నేతన్నకు! బాగా కడిగితే ఆ రంగునీళ్లు శుద్ధి చేయకుండా వాగుల వదలొద్దు, అది ఇంకో ఖర్చు.

బకెట్ల ఉప్పు వేస్తే ఆగుతదా అని అడుగుతరు. ఉప్పు ఉన్నంతసేపు రంగు నీళ్లల్లకు పోవుడు కొంచెం తగ్గొచ్చు, కానీ ఉప్పు కొత్త బంధం వేయదు.

సిరిసిల్ల మగ్గాల మీద ఎక్కువగా నడిచే పాలిస్టర్‌కు ఈ లెక్క పనికిరాదు. అక్కడ 130 డిగ్రీల దగ్గర, ఒత్తిడిలో రంగును పోగులోకి పంపుతరు. అది వచ్చే ఎపిసోడ్‌ల.