ఓడిన ఫైనళ్ళూ, మనమూ

2025 నవంబర్ 2, ఆదివారం రాత్రి నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి వన్డే ప్రపంచ కప్ గెలిచారు. మర్నాడు ఆఫీసులో పని తక్కువ, కబుర్లు ఎక్కువ. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "అన్నా, ఈవిడ టీములో లేదు కదా, కప్పు తీసుకెళ్ళి ఈవిడ చేతిలో పెట్టారేంటి?" అనడిగాడు.

వీడియోలో ఉన్నది మిథాలీ రాజ్. "పెద్ద కథ, లంచ్‌లో చెప్తాలే" అన్నాను. మధ్యాహ్నం ఏదో కాల్ వచ్చింది, ఆ రోజు చెప్పడం కుదర్లేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. ఆలోచిస్తుంటే అది మిథాలీ కథ మాత్రమే కాదు, చూసే మన కథ కూడా అనిపించింది. గెలిచిన ఫైనళ్ళ చరిత్ర అందరూ రాస్తారు. ఓడిన ఫైనళ్ళకి మనం ఏం చేశామో కూడా ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా... అందుకే ఈ టపా.

2005 ఏప్రిల్ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే వైజాగ్. ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ కొట్టిన 148. ఆ తర్వాత ఏప్రిల్ 9న జంషెడ్‌పూర్‌లో అదే పాకిస్తాన్ చేతిలో 106 పరుగుల తేడాతో చిత్తుగా ఓడిపోయాం. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు, బాగా గుర్తు.

ఆ మర్నాడే, ఏప్రిల్ 10న, దక్షిణాఫ్రికాలోని సెంచూరియన్‌లో ఇండియా ఒక ప్రపంచ కప్ ఫైనల్ ఆడింది. మహిళల ప్రపంచ కప్‌లో మనకదే మొదటి ఫైనల్. కెప్టెన్ సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న అమ్మాయి, అప్పటికి వయసు 22. సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద 91 నాటౌట్ కొట్టి జట్టుని ఫైనల్‌కి తీసుకొచ్చింది. ఫైనల్లో ఆస్ట్రేలియా 215 కొడితే మనవాళ్ళు 117కే ఆలౌట్. 98 పరుగుల తేడాతో ఓటమి.

ఆ మ్యాచ్ నేను చూడలేదు. జరుగుతోందని కూడా తెలీదు. అప్పటికి మహిళల క్రికెట్ బీసీసీఐ కింద లేదు, 2006లో గానీ అందులో కలవలేదు. టీవీల్లో, పేపర్లలో కనిపించేది తక్కువ. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ మన ఊరమ్మాయి ప్రపంచ కప్ ఫైనల్లో ఓడిపోయిన రోజున నేను ముందురోజు పోయిన ఒక మామూలు వన్డే గురించి దిగులుపడుతున్నాను. ఆడినవాళ్ళు ఆ రోజు ఏడ్చే ఉంటారు. వాళ్ళతో పాటు ఏడవడానికి మనం అక్కడ లేం, అంతే తేడా.

సరే, ఇప్పుడు మన గచ్చిబౌలికి వద్దాం. ఎందుకంటే మనకి ఓటమి అంటే ఏంటో నేర్పింది ఎక్కువగా షటిలే, దానికి ఇల్లు ఇక్కడే ఉంది.

1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచి ఈ రాళ్ళగుట్టల్లో ఏం లేచాయో మనకందరికీ తెలుసు. వాటి పక్కనే ఇంకోటి కూడా లేచింది. 2001లో పుల్లెల గోపీచంద్ ఫైనల్లో చెన్ హాంగ్‌ని 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాశ్ పదుకొనే 1980లో గెలిచాక మళ్ళీ మనకి అదే. ఆ తర్వాత ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు ఇచ్చింది. కట్టడానికి డబ్బుల్లేక ఇల్లు తాకట్టు పెట్టాడు. నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు. 2008కి అకాడమీ తయారైంది. తెల్లవారుజామున నాలుగున్నరకి ప్రాక్టీసు. మారేడ్‌పల్లి నుంచి ఒక పొడుగమ్మాయి రోజూ ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి వచ్చేది. అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు, నాన్న రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నవాడు. మనం గేటు దగ్గర కార్డు గీకే టైముకి వాళ్ళకి సగం రోజు అయిపోయేది.

2009 ఆగస్టులో ప్రపంచ బాడ్మింటన్ ఛాంపియన్‌షిప్స్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగాయి. భద్రత బాలేదని ఇంగ్లండ్ జట్టు వెనక్కి వెళ్ళిపోయింది. స్వైన్ ఫ్లూ భయం ఒకటి. మేం క్యాంటీన్లో ఈ రెండిటి గురించీ బోలెడు మాట్లాడుకున్నాం. సైనా నెహ్వాల్ క్వార్టర్ ఫైనల్లో వాంగ్ లిన్ చేతిలో రెండు గేముల్లో ఓడిపోయిందని మర్నాడు పేపర్లో చదివాను. మా ఆఫీసు నుంచి ఆటోలో పది నిమిషాలు! వెళ్ళలేదు. ఆ వారం ఏదో రిలీజ్ ఉండింది. ఆ రిలీజ్ ఏంటో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

2012లో సైనా లండన్ నుంచి కాంస్యం తెచ్చాక కొంచెం మారాం. పూర్తిగా మారింది మాత్రం 2016 ఆగస్టు 19న.

ఆ రోజు శుక్రవారం. రియోలో అప్పటికి ఇండియాకి వచ్చిన పతకం సాక్షి మలిక్ కాంస్యం ఒక్కటే. సింధు తై జు యింగ్‌ని, వాంగ్ యిహాన్‌ని, ఒకుహారాని దాటుకుని ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్. సాయంత్రం మా క్యాంటీన్లో పెద్ద స్క్రీన్ పెట్టారు. మామూలుగా శుక్రవారం ఆరింటికి ఖాళీ అయిపోయే ఫ్లోరు, ఆ రోజు ఎవరూ కదల్లేదు. క్యాబుల వాళ్ళు కూడా పైకొచ్చి నిలబడ్డారు.

మొదటి గేములో 16-19తో వెనకబడి, వరసగా అయిదు పాయింట్లు తీసుకుని 21-19తో గెలిచింది. ఆ అరుపులకి కింద రోడ్డు మీదవాళ్ళు తలెత్తి చూశారు. రెండో గేము 12-21. మూడో గేములో పదీ పది దాకా గుండె చేత్తో పట్టుకుని చూశాం. తర్వాత మారిన్ వెళ్ళిపోయింది, 15-21. మారిన్ కోర్టు మీద పడి ఏడుస్తోంది. సింధు అటువైపు వెళ్ళి ఆమెని లేపి కౌగిలించుకుంది. కింద పడున్న ఆ అమ్మాయి రాకెట్ తీసి పెట్టింది. మా ఫ్లోర్లో అంతవరకూ ఎవరూ ఏం మాట్లాడలేదు. ఆ రాకెట్ తీసినప్పుడు మాత్రం మా మేనేజర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం చూశాను. నేనూ మొహం అటు తిప్పుకున్నాను.

ఓడిపోయిన మనిషికి అంత స్వాగతం నేనెప్పుడూ చూడలేదు. ఆగస్టు 22న ముంబై నుంచి తెప్పించిన పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సు మీద శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగింపు. సోమవారం ఉదయం, పైగా మన దారిలో... ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ హారన్ కొట్టి విసుక్కున్నవాడు లేడు. తెలంగాణ 5 కోట్లు, ఆంధ్ర 3 కోట్లు ప్రకటించాయి. 2005లో సెంచూరియన్ ఓటమి పేపర్లో ఏ మూల ఉందో కూడా చూడని మనం, పదకొండేళ్ళకి ఒక ఓటమిని పండగలా చేసుకున్నాం.

ఇక్కడితో ఆపేస్తే కథ బావుంటుంది. కానీ ఆ వారమే ఇంకోటి కూడా జరిగింది. సింధు కులమేంటో గూగుల్లో తెగ వెతికారనీ, వెతికినవాళ్ళలో ముందున్నది మన రెండు తెలుగు రాష్ట్రాలే అనీ పేపర్లు రాశాయి. రాష్ట్రం విడిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆంధ్ర అమ్మాయా తెలంగాణ అమ్మాయా అని ఇంకో వాదన. నేను వెతకలేదు గానీ, మా లంచ్ టేబుల్ దగ్గర ఆ చర్చ వచ్చినప్పుడు లేచి వెళ్ళిపోలేదు కూడా. శుక్రవారం రాత్రి ఆ అమ్మాయి కోసం ఏడ్చిన మనుషులే, సోమవారానికి ఆమె ఎవరి తాలూకో లెక్కలు కడుతున్నారు. ఏడుపూ నిజమే, లెక్కా నిజమే.

2017లో రెండు ఆదివారాలు. జులై 23న లార్డ్స్‌లో ఇంగ్లండ్ 228 కొట్టింది. మనవాళ్ళు 3 వికెట్లకి 191 దాకా వచ్చారు. అక్కణ్ణుంచి 28 పరుగులకి ఏడు వికెట్లు పోయి 219కి ఆలౌట్. తొమ్మిది పరుగులతో పోయింది. కెప్టెన్ మళ్ళీ మిథాలీయే. ఈసారి మాత్రం మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. మూడు రోజుల ముందు సెమీస్‌లో హర్మన్‌ప్రీత్ కొట్టిన 171 చూసి మా నాన్నగారు కూడా అలవాటుపడిపోయారు. పన్నెండేళ్ళ క్రితం ఒంటరిగా ఓడిన మనిషి, ఈసారి దేశమంతా తోడుండగా ఓడింది.

ఆగస్టు 27న గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. సింధు, ఒకుహారా. 19-21, 22-20, 20-22. మొత్తం 110 నిమిషాలు. రెండో గేము ఆఖరి పాయింటుకి 73 షాట్ల ర్యాలీ. ఇద్దరూ నిలబడలేక రాకెట్ మీద ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నారు. మూడో గేము 20-20 దగ్గర, ఎవరు గెలిచినా ఫరవాలేదు గానీ ఇంక ఆపండి అనిపించింది. అయిపోయాక అపార్ట్‌మెంట్లో కిందికి దిగితే సెల్లార్లో నలుగురం చేరాం, ఎవరికీ మాట రాలేదు. తప్పు ఎవరిదో వెతకడానికి ఏమీ మిగల్లేదు. అభిమానిగా నేను కాస్త మర్యాదగా ఉన్న రోజు ఏదైనా ఉందంటే అదే.

ఎందుకంటే 2018 వచ్చింది. ఫిబ్రవరిలో ఇండియా ఓపెన్ ఫైనల్లో ఓటమి. ఏప్రిల్‌లో కామన్‌వెల్త్ ఫైనల్లో సైనా చేతిలో ఓటమి. ఆగస్టులో నాంజింగ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ మళ్ళీ మారిన్ చేతిలో. అదే నెల ఆసియా క్రీడల ఫైనల్ తై జు యింగ్ చేతిలో. "ఫైనల్ ఫోబియా" అన్న మాట అందరి నోళ్ళలో పడింది. మా వాట్సాప్ గ్రూపులో "సిల్వర్ సింధు" అని జోకేసింది మాత్రం స్వయానా నేనే. పదమూడు మంది నవ్వారు.

ఫైనల్‌కి రావాలంటే ముందు వరసగా నాలుగైదు మ్యాచ్‌లు గెలవాలి, అదీ ప్రపంచంలో మొదటి పది మందిలో ఉన్నవాళ్ళ మీద. ఈ లెక్క తెలియనంత అమాయకుణ్ణి కాదు. అప్రైజల్లో రేటింగ్ ఒక మెట్టు తగ్గితే నెల్లాళ్ళు మొహం మాడ్చుకుని తిరిగే మనిషిని, ప్రపంచంలో రెండో స్థానం వచ్చిన అమ్మాయి మీద జోకేశాను. 2009లో పది నిమిషాల దూరం వెళ్ళి చూడనివాణ్ణి, 2018కి ఫలితం అడిగే యజమానిని అయిపోయాను. మన రాజధాని వీధుల్లో ఊరేగించాం కాబట్టి గెలుపు బాకీ ఉందని ఎప్పుడనుకున్నామో తెలీదు.

2019 ఆగస్టు 25న బాసెల్‌లో బాకీ తీర్చేసింది. అదే ఒకుహారా మీద 21-7, 21-7, మొత్తం 38 నిమిషాలు. షటిల్లో ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి భారతీయురాలు... కాదు, మొదటి భారతీయ వ్యక్తే. పదే పదే ప్రశ్నించినవాళ్ళకి ఇదే జవాబు అన్న అర్థం వచ్చేలా ఆ తర్వాత చెప్పింది. ఆ ప్రశ్నించినవాళ్ళలో నేనూ ఉన్నాను. గ్రూపులో అందరితో పాటు చప్పట్ల బొమ్మలు పెట్టాను గానీ, ముందు పాత జోకు వెతికి డిలీట్ చేద్దామని చూశాను. అప్పటికి డిలీట్ అవ్వదు కదా, అలాగే ఉంది.

ఇదంతా తలుచుకుంటే నాకు అర్థమైంది ఒకటే. ఓటమి మనకి నొప్పి పుట్టాలంటే ముందు మనం చూస్తూ ఉండాలి. ఆ నొప్పి ఊరికే రాదు, ఎవరో ఏళ్ళ తరబడి ఎవరూ చూడని కోర్టుల్లో, గ్రౌండ్లలో ఆడి ఆడి మనకి తెచ్చి పెడతారు. అది తెచ్చినందుకు వాళ్ళకి మనం బాకీ. మనం దాన్ని తిరగేసి చదువుతున్నాం.

మొత్తానికి ఆ కుర్రాడికి మొన్న లంచ్‌లో ఈ కథంతా చెప్పాను. 2025లో కప్పు గెలిచిన జట్టులో హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి, కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నారనీ, వాళ్ళు ఈ ఆటలోకి రావడానికి దారి వేసింది రెండు ఫైనళ్ళు ఓడిన ఆ మనిషేననీ, అందుకే కప్పు ఆమె చేతిలో పెట్టారనీ చెప్పాను.

వాడు బుద్ధిగా విని, ఫోన్‌లో 2005 ఫైనల్ స్కోర్‌కార్డు తీసి కాసేపు చూశాడు. తర్వాత, "అన్నా, ఇది ఆదివారం కదా. నువ్వు మ్యాచ్ చూశావా?" అన్నాడు.

లేదని చెప్పాను. జంషెడ్‌పూర్‌లో మ్యాచ్ పోయిందని ఆ రోజంతా దిగులుగా పడుకునే ఉన్నానని చెప్పాను.