తలుపవతల ఎవరు?

న్యూయార్క్ క్వీన్స్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. రాత్రిళ్లు ఒంటరిగా ఉండాలంటే భయం. పిలిస్తే పోలీసులు త్వరగా రారు. 1966లో భర్త ఆల్బర్ట్‌తో కలిసి పేటెంట్‌కి దరఖాస్తు పెట్టింది, 1969 డిసెంబర్‌లో వచ్చింది. తలుపుకి నాలుగు కంతలు, వాటి వెంట పైకీ కిందికీ కదిలే కెమెరా, పడగ్గదిలో టీవీ. వచ్చినవాళ్లతో మాట్లాడొచ్చు. గడియ తీసే మీట, అలారం మీట ఆమె చేతి దగ్గరే.

అప్పటి దూరం తలుపు నుంచి మంచం దాకా. ఇప్పుడు వైఫై లేని ఊరికైనా సిమ్ వేసిన 4జీ కెమెరా చాలు. సిగ్నల్ అందే మూల చూసి బిగిస్తాం. ఏదైనా కదిలితేనే వీడియో పంపేలా పెడితే డేటా మిగులుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమ్మానాన్నల్ని చూసుకుంటాం.

మేరీ లోపలుండి బయటికి చూసింది. మనం బయటుండి లోపలికి చూస్తున్నాం. అమ్మ చేతిలో మాత్రం ఏ మీటా లేదు.