అమ్ముడుపోనివి మిగిలాయి

శిథిలాన్ని చూడగానే ఇదంతా కాలం చేసిన పని అనుకోవడం తేలిక. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో సటన్ స్కార్స్‌డేల్ హాల్ చూడబోయినవారికీ అలాగే తోస్తుంది: పైన కప్పు లేదు, కిటికీల్లో అద్దాల బదులు ఆకాశం. కానీ ఈ మేడ ఉసురు తీసింది కాలం కాదు, బేరం. స్కార్స్‌డేల్ నాలుగో ఎర్ల్ కోసం ఫ్రాన్సిస్ స్మిత్ దీన్ని 1724లో కట్టాడు. 1919లో అమ్మేశారు. రెండు వందల ఏళ్లయినా నిండని రాతిమేడకు అదేం వయసు? అమ్మింది ఆర్క్‌రైట్ వంశీకుడు. నూలు మరలతో గడించిన వంశం అది (ఆ మరనూలే తర్వాత మన రాట్నాలను మూలపడేసింది). కొన్నవారు మేడను మేడగా ఉంచలేదు. గదుల గోడలకున్న చెక్కపనిని ఊడదీసి అమెరికాకు ఓడలెక్కించారు. మూడు గదులు ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్ చేరాయి. కప్పు విప్పేశాక మిగతా పని వాన చూసుకుంది. ఉన్న గోడలను కూడా రాళ్ల కోసం కూల్చబోతుంటే 1946లో రచయిత ఆస్బర్ట్ సిట్‌వెల్ కొని ఆపాడు.

నేరం పన్నుది అంటారు కొందరు. యజమాని చనిపోతే ఆస్తి మీద పడే ఎస్టేట్ పన్ను 1894లో వచ్చి, 1919కల్లా అతిపెద్ద ఆస్తుల మీద 40 శాతానికి చేరిన మాట నిజమే. అయితే పన్ను అమ్మించగలదు. కప్పు విప్పమని అది చెప్పలేదు. అమ్ముడై బడులుగానో ఆసుపత్రులుగానో నిలిచిన మేడలూ ఉన్నాయి. ఇక్కడ మాత్రం నిండు మేడకన్నా విడి ముక్కలకే ఎక్కువ ధర పలికింది. మరి వూస్టర్‌షైర్‌లోని విట్లీ కోర్ట్ అనే మేడను 1937లో కాల్చింది నిప్పు కదా అనవచ్చు. ఆ నిప్పు కాల్చింది ఒక భాగాన్నే. మళ్లీ కట్టకుండా వదిలేసింది యజమాని, తర్వాత ఒలుచుకుపోయింది పాతసామాన్ల వ్యాపారి.

మ్యూజియానికి చేరిన గదులైనా దక్కాయి కదా అన్న వాదనను కాదనలేను. కాకపోతే ఆ గదులు ఊడి వెళ్లడం వల్లే ఈ గోడలు ఇలా మిగిలాయన్నది యాత్రికుడికి గుర్తుండాలి. సటన్‌లో లోపలి ఇటుకల మీద ఇంకా అక్కడక్కడా అంటుకుని ఉన్న గచ్చుపని ఊడదీస్తే పొడి అయ్యేది, కనుక ఎవరూ ముట్టలేదు. విట్లీలో ఇప్పుడందరూ ఫొటోలు తీసుకునే గ్రీకు పురాణాల్లోని పెర్సియస్, ఆండ్రోమెడాల ఫౌంటెన్ శిల్పం కూడా అంతే: దాన్ని మోసుకుపోవడం ఎవరి తరమూ కాలేదు.