తార్నాక పరిశోధనలు – పల్లె ఆరోగ్యము

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పిరి. అయితే ఆ భాగ్యము బీదవాని యింటికి వచ్చుటకు దారి యేది? జబ్బు చేసినప్పుడు కాడి యెడ్లనో, రెండెకరముల చెక్కనో అమ్మి వైద్యము చేయించుట మన పల్లెలకు క్రొత్త కాదు. ఈ వ్యయము తగ్గవలెనన్న ముఖ్యముగ రెండు మార్గములు గలవు. జబ్బు రాకుండ చూచుకొనుట మొదటిది. వచ్చిన జబ్బునకు మందు చౌకగ దొరకునట్లు చేయుట రెండవది. హైదరాబాదు నగరమున తార్నాక ప్రాంతమందు ఈ రెండు మార్గములను వెదకిన రెండు సంస్థలు ఇరుగుపొరుగుగ నున్నవి. వాని చరిత్ర పల్లెవాసులు తెలిసికొనదగినది.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. అడిక్‌మెట్ భూములలో దాని ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమైనది. ఆ విశ్వవిద్యాలయపు ఆవరణమునకు చేరువనే జాతీయ పోషకాహార సంస్థ గలదు. అచ్చటినుండి ఉప్పల్ వైపు పోవు రోడ్డున భారతీయ రసాయన సాంకేతిక సంస్థ గలదు.

పోషకాహార సంస్థ పుట్టినది హైదరాబాదున కాదు. 1918లో నీలగిరులందలి కూనూరులో, పాశ్చరు ఇన్‌స్టిట్యూటునందు, రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధినిగూర్చి పరిశోధన మొదలిడెను. మరబియ్యమే ముఖ్యాహారముగ గల మన సర్కారు జిల్లాలలో ఆ వ్యాధి ఆనాడు హెచ్చుగ నుండెడిది. కాళ్లు తిమ్మిరెక్కును, వాచును, గుండె బలహీనమగును. తవుడుతోపాటు బియ్యమునందలి ఒక విటమిను పోవుటయే దీనికి మూలము. ఉప్పుడు బియ్యము, దంపుడు బియ్యము తినువారికి ఆ బాధ అరుదు. చిన్న పరిశోధనగ మొదలైన ఈ పని క్రమముగ పెరిగి, 1958లో తార్నాకకు తరలి వచ్చెను. 1969లో ఆ సంస్థకు జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వచ్చెను.

సంస్థ తెలంగాణమునకు వచ్చుటతో జొన్న తినువారి జబ్బు దాని కంటబడెను. ఎండ తగులు మెడమీదను, చేతులమీదను, పాదములమీదను చర్మము నల్లబడి, కాలినట్లయి, పొలుసులు రేగును. విరేచనములు పట్టుకొనును. ముదిరినచో మతి చలించును. ఇది పెల్లాగ్రా. ఐరోపా, అమెరికా ఖండములలో మొక్కజొన్నయే తిని బ్రతుకు బీదలకు వచ్చునని పేరుపడిన వ్యాధి. జొన్న తినువారికి ఏల వచ్చుచున్నదను ప్రశ్నను సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యగారలు చేపట్టిరి. జొన్నయందు ల్యూసిన్ అను మాంసకృత్తి భాగము అధికముగ నుండుట కారణమని 1960లో ప్రకటించిరి. ఆ వాదమును తరువాతి శాస్త్రజ్ఞులందరును అంగీకరింపలేదు. కాని ఆచరణలో తేలిన సంగతి యొకటే. జొన్న చెడ్డ ధాన్యము కాదు. జొన్న తప్ప మరేమియు లేని కంచమే చెడ్డది. పప్పు, పాలు, వేరుసెనగ, మాంసము వంటివి తోడైనచో ఈ జబ్బు దరి చేరదు.

పసిపిల్లల కంటిజబ్బు రెండవ సమస్య. ఎ విటమిను లోపించిన బిడ్డకు ముందు రేచీకటి వచ్చును. అశ్రద్ధ చేసినచో నల్లగ్రుడ్డు మెత్తబడి చెడిపోవును. పోయిన చూపు మరల రాదు. ఎ విటమినును మన కాలేయము నిలువ చేసికొనగలదు. గాదెలో ధాన్యము పోసికొన్నట్లు, ఒకమారు పెద్ద మోతాదు పోసినచో బిడ్డకు నెలల తరబడి సరిపోవును. ఈ యుపాయమును సంస్థవారు గ్రామములలో పరీక్షించి చూపిరి. దాని యాధారముననే 1970లో ఐదేండ్లలోపు పిల్లలకు ఆరు నెలల కొకమారు 2 లక్షల యూనిట్ల మోతాదు నోట పోయు పథకము ఆరంభమైనది. చెంచాడు మందుతో ఒక జీవితకాలపు చీకటి తప్పుచున్నది. అయినను గాదె ఖాళీ కాకుండుటకు దినదినమును మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు వంటివి తినవలసినదే.

ఇక రెండవ మార్గము. రసాయన సంస్థకు మూలము 1944లో హైదరాబాదు సంస్థానము నెలకొల్పిన పరిశోధనశాల. అది 1956లో కేంద్ర విజ్ఞాన పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల యనిపించుకొనెను. 1989లో నేటి పేరు వహించెను. దాని సేవను గ్రహించుటకు ఒక చట్టమును తెలియవలెను. 1970లో చేయబడి 1972లో అమలునకు వచ్చిన పేటెంటు చట్టము ప్రకారము హక్కు మందునకు గాక, మందు చేయు పద్ధతికి మాత్రమే యుండెను. ఒక యూరికి రెండవ బాట వేయగలిగినవాడు ఆ యూరు చేరవచ్చును. ఆ రెండవ బాట వేయుట రసాయనికుల పని.

ఎయిడ్సు వ్యాధికి జైడోవుడిన్ అను మందును 1987లో అమెరికా అంగీకరించెను. రోగి కొక యేటికి వేల డాలర్లు కావలసి యుండెను. ఎ. వి. రామారావుగారి నాయకత్వమున తార్నాక రసాయనికులు ఆ మందును చేయు పద్ధతిని సిద్ధపరచి యిచ్చిరి. బొంబాయి సిప్లా కంపెనీవారు 1993లో దానిని విపణికి తెచ్చిరి. 2001లో అదే కంపెనీ, పది వేల డాలర్లకు పైబడిన మూడు మందుల చికిత్సను ఏటికి 350 డాలర్లకు ఇత్తుమని ప్రకటింపగా లోకము విస్తుపోయెను.

2005 నుండి మన దేశమున మందునకే పేటెంటు వచ్చినది. దారి ఇరుకైనది కాని మూసికొనిపోలేదు. 2012లో ప్రభుత్వము చట్టము ననుసరించి హైదరాబాదు నాట్కో కంపెనీకి ఒక క్యాన్సరు మందు చేయుట కనుమతి నీయగా, నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయల మందు 8,800 రూపాయల ప్రాంతమునకు దిగినది.

ఇట్లు తార్నాక పరిశోధనలు ఒక చేత కంచమును, ఒక చేత మందును చక్కబరచినవి. కాని ప్రయోగశాలలో తెలిసిన మాట పల్లె వంటయింటికి తనంతట నడచి రాదు. రేచీకటి గుర్తులు తల్లికి తెలియకున్న చెంచాడు మందు కేంద్రముననే మిగిలిపోవును. కంపెనీ పేరు వేరైనను మందు ఒక్కటేయని రోగికి తెలియకున్న చౌక మందు అంగడిలోనే పడియుండును. 2017లో పోషకాహార సంస్థవారు 528 ఆహార పదార్థముల గుణములను పట్టికలుగ ప్రకటించిరి. అట్టి గ్రంథము బీరువాలో నుండుట, చదువ వచ్చినవారు రానివారికి దానిని విప్పి చెప్పుట గ్రామ గ్రంథాలయము చేయదగిన వైద్యము. దానికి ఎడ్ల నమ్మవలసిన పని లేదు.